కరెంటుకు నీరటి

లైబ్రరీలో పుట్టిన థీసిస్ అంటే మా గైడు గారికి గిట్టదు. ఎనర్జీ సిస్టమ్స్‌లో ఎంటెక్ రెండో ఏడాదిలో, సంక్రాంతి సెలవులు కాగానే నన్ను పిలిచి, "మోటరు ఎంత కరెంటు తాగుతుందో మోటరు పక్కన నిలబడి కొలువు. పుస్తకంలోది ఎక్కించుకొస్తే సంతకం పెట్టను" అన్నారు. సిరిసిల్లలో మరమగ్గాలు, కోరుట్ల చుట్టుపక్కల పొలాల మోటార్లు, ఈ రెండింటి కొలతలూ తేవాలి. రెండు కట్టల ఫారాలు, ఒక క్లాంప్ మీటరు చేతికిచ్చారు. అది చూడ్డానికి అచ్చం పటకారులా ఉంటుంది. తీగను దాని నోట్లో పెడితే, తెంపకుండానే ఎంత కరెంటు పోతోందో చెబుతుంది.

నేను తెనాలి పక్క పల్లెలో పుట్టినదాన్ని. మాకు నీళ్ళంటే కాలువే. గట్టు తవ్వితే చేలోకి వస్తాయి, మూస్తే ఆగుతాయి. వరి పండాలంటే కరెంటు కావాలన్న సంగతి నేను ఇంజనీరింగులో చేరాక చదివి తెలుసుకున్నాను. అలాంటిదాన్ని బోరు మోటార్లు కొలవమని పంపడం మా గైడు గారి ధైర్యమే. అప్పటికి ఈ ఊళ్ళన్నీ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. వ్యవసాయానికి ఏడు గంటల కరెంటు అని పేరు. అది రెండు విడతలుగా, దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది.

సిరిసిల్ల: రెండు రకాల మీటర్లు

బస్సు దిగగానే వినిపించేది సాంచాల చప్పుడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. మొదటి గంటలో తలనొప్పి వచ్చింది, రెండో గంటకి అలవాటైంది. మూడో గంటలో కరెంటు పోయి ఒక్కసారిగా అన్నీ ఆగిపోతే, ఊళ్ళో ఎవరైనా పోయారేమో అనిపించింది.

నేను మొదట అడుగుపెట్టిన షెడ్డులో సత్తయ్య అనే కార్మికుడు ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎనిమిది సాంచాలు ఒక్కడే చూసుకుంటాడు. నేను ఫారం తీసి అడిగాను.

"రోజుకి మీటరు ఎంత తిరుగుతుందండీ?"

"మంచిగ నడిస్తే మూడు నాలుగొందలు అయితది మేడం. పోగులు తెగుకుంట ఉంటే రెండొందలు గూడ కాదు."

యూనిట్ల గడిలో నాలుగు వందలు వేశాను. అలా సాయంత్రం లోపల పదకొండు షెడ్లు తిరిగి పదకొండు ఫారాలు నింపాను. లాడ్జిలో కూర్చుని కూడితే, సిరిసిల్లకు ఒక పవర్ హౌసు విడిగా కట్టినా చాలదని తేలింది. మర్నాడు పొద్దున్నే సత్తయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన విని పడీ పడీ నవ్వాడు.

"అయ్యో, నువ్వడిగింది గోడ మీటరా? నేను గుడ్డ మీటరు చెప్పిన. గోడ మీటరు మా ఆసామి సూసుకుంటడు, సాంచాలు ఆయనయే గద. మాకు మీటరంటే గుడ్డనే. మీటరుకింత అనే మా కూలి."

పదకొండు ఫారాలూ చింపాను. సత్తయ్య జాలిపడి టీ తాగించాడు. మూడు రూపాయల టీ, చిన్న గ్లాసులో సగానికి పోసి ఇస్తారు. డబ్బులు నేనిస్తానంటే ఒప్పుకోలేదు. మా ఊళ్ళో కూడా చుట్టానికి కాఫీ ఇస్తారు గానీ, తప్పులు రాసి వచ్చినదానికి ఇస్తారని చెప్పలేను.

ఆ షెడ్డులో సగం ఖాళీ. ఖాళీ నేల మీద నాలుగేసి కాళ్ళ గుర్తులు వరసగా కనిపించాయి. పని లేక ఆ సాంచాలను ఇనుము కింద తూకానికి అమ్మేశారట. వాటిని నడిపినవాళ్ళు మహారాష్ట్రలోని భివండీకి వెళ్ళిపోయారు.

"నేను గూడ భివండీల పదేండ్లు చేసిన" అన్నాడు సత్తయ్య. "గాడ సాంచాలున్నయి గని గాలి లేదు. గాలి కోసమని అచ్చిన. గీడ గాలున్నది, సాంచాలు పోతున్నయి."

అంతలో కరెంటు వచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి, మొదటి సాంచ వేసి, అది కుదురుకునేదాకా చూసి, రెండోది వేశాడు. ఎనిమిదీ నడవడానికి చాలాసేపు పట్టింది. అన్నీ ఒకేసారి ఎందుకు వెయ్యరని అడిగాను.

"నాకున్నయి రెండు చేతులే గద మేడం. ఒకటి ఎత్తుకున్నంక ఇంకోటి. అన్ని ఒక్కపారే ఎత్తుకుంటే ఫీజులు ఎగిరిపోతయి."

ఆ మాట రాసుకోవడానికి నా ఫారంలో గడి లేదు. అందుకని రాసుకోలేదు.

జగిత్యాల: బొట్టు పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్

వేములవాడ మీదుగా జగిత్యాల చేరేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు బయట ఒకావిడ గిన్నెల్లోనే వత్తి కాల్చిన రొట్టెలు అమ్ముతోంది. హైదరాబాదులో సర్వపిండి అనే దాన్ని అక్కడ సర్వప్ప అంటారు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం. కారం మాకు కొత్త కాదు గానీ అది నన్ను కూడా ఏడిపించింది. ఏడుస్తూనే రెండోది కొన్నాను.

కోరుట్ల బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే ఒక ట్రాక్టరు వచ్చి టీకొట్టు ముందు ఆగింది. ట్రాలీలో ఒక ట్రాన్స్‌ఫార్మర్. దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టారు. చుట్టూ ఐదుగురు ఆడవాళ్ళు పెళ్ళికూతురిని తీసుకెళ్తున్నట్టు కూర్చున్నారు. నా చేతిలో పటకారు చూసి వాళ్ళలో ఒకావిడ పలకరించింది.

"ఏం మేడం, పటకారు పట్టుకొని ఏడికి బయలెల్లినవ్?"

కోరుట్ల దగ్గర పొలం మోటార్లు కొలవడానికండీ అన్నాను. నా 'అండీ'కి ఐదుగురూ నవ్వారు.

"కోరుట్లల ఎందుకు, మా ఊరికే రా. మల్లాపూర్ దాటినంక. పదిహేడు మోటర్లున్నయి, అన్ని గీ ఒక్క ట్రాన్స్‌ఫారం మీదనే. కడుపునిండ కొలుసుకో."

ఆవిడ పేరు రాజవ్వ. ముప్పై అయిదేళ్ళుంటాయి. నేను బస్సు మానేసి ట్రాలీ ఎక్కాను. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ని జగిత్యాలలో బాగుచేయించి తీసుకెళ్తున్నారు. మోసుకెళ్ళడానికి మగవాళ్ళెవరూ రాలేదేమని అడిగితే, వేళ్ళు ముడుస్తూ చెప్పింది. ఒకరి భర్త మస్కట్, ఇంకొకరి భర్త సౌదీ, ఇద్దరి భర్తలు దుబాయి, ఐదో ఆవిడ భర్త పోయిన నెలలోనే విమానం ఎక్కాడు. ట్రాక్టరు నడిపే అతను పక్క ఊరివాడు.

"యాసంగిల గిది రెండోపారి కాలుడు" అంది రాజవ్వ. మా దాళ్వానే వాళ్ళకి యాసంగి. "వరి పొట్టకచ్చింది. నీళ్లు లేక పది దినాలాయె. మడి నెర్రెలిచ్చింది. ఇంకోపారి కాలిందనుకో, మల్ల తెచ్చేవరకు గడ్డే మిగుల్తది."

కోరుట్ల: శుక్రవారం ఫోను

కోరుట్లలో కొబ్బరికాయ కొనడానికి ట్రాక్టరు ఆపారు. బజారంతా గల్ఫ్ బోర్డులు. పాస్‌పోర్టు ఫోటోలు, వీసా ఆఫీసులు, సూట్‌కేసులు. ఒక దుకాణంలో సూట్‌కేసులు కట్టే తాళ్ళు మూరల లెక్కన అమ్ముతున్నారు, అదే దుకాణంలో పక్క అరలో మోటారు స్టార్టర్లు. మా వైపు తాడంటే గేదెకి కొంటారు. ఆ మాట అంటే దుకాణదారు, "గీడ గేదెకు కొన్నోళ్లను సూడక శాన దినాలైంది మేడం" అన్నాడు.

ఆ రోజు శుక్రవారం. గల్ఫ్‌లో సెలవు గనక ఈ వైపు ఇళ్ళన్నీ ఫోను కోసం ఎదురుచూసే రోజు. రాజవ్వ మెడలో గుడ్డ సంచిలో వేలాడుతున్న ఫోను మోగింది. ట్రాక్టరు చప్పుడుకు వినపడదని స్పీకరు పెట్టింది. దుబాయి నుంచి ఆమె భర్త మల్లేశం. మొదటి మాటే, "ట్రాన్స్‌ఫారం అచ్చిందా?"

"అచ్చింది. నా పక్కకే కూసున్నది. మాట్లాడ్తవా?"

అవతల నవ్వు వినిపించింది. తర్వాత అతను నెమ్మదిగా అన్నాడు. "గీపారి పంట ఎల్లితే ఇగ ఈడ కంపెనీ కాయిదం మీద సంతకం పెట్ట. అచ్చి మన ఎవుసం మనం జేసుకుందాం. ఎల్లకపోతే మల్ల రెండేండ్లకు పెట్టాల్సిందే. వీళ్లు అచ్చే నెలాఖరుకు అడుగుతరు."

"ఎల్తది" అంది రాజవ్వ. ఫోను పెట్టేసి సంచిలో వేసుకుని, నా వైపు తిరిగి, "ఇన్నవు గద. గింతే ముచ్చట" అంది. కొబ్బరికాయ రెండుసార్లు ఊపి చూసింది. లోపల నీళ్ళున్నాయో లేదో అని కాబోలు.

మల్లాపూర్ దాటాక: పదిహేడు డబ్బాలు

ఊళ్ళో లైన్‌మన్ మా కోసం ఎదురుచూస్తున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ని దిమ్మె మీదికి ఎక్కించడానికి ఉన్న నలుగురైదుగురు మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి పట్టారు. తీగలు బిగించాక అతను కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు.

"ఆటో స్టార్టర్లు తీసేసేదాంక నేను ఫీజు పెట్ట. పెడ్తే కాలుతది. కాలితే నన్నే అంటరు."

ఆటో స్టార్టరంటే మోటారు పక్కన గోడకో స్తంభానికో బిగించిన చిన్న ఇనప డబ్బా. కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారును అదే నడిపిస్తుంది. పదిహేడు మోటార్లకీ అవి ఉన్నాయి. అందరూ నా వైపు చూశారు. "నువ్వు సదువుకున్నవు గద, చెప్పు" అంది రాజవ్వ.

పరీక్షలో పది మార్కులకు రాసిన జవాబు నాకు నోటికొచ్చు. మోటారు లేచే క్షణంలో మామూలుకి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, పదిహేడూ ఒకే క్షణంలో లేస్తే ఏ ట్రాన్స్‌ఫార్మరూ ఆగదు, అందుకని డబ్బాలు తీసెయ్యాలండీ అని చెప్పాను. లైన్‌మన్ తల ఊపాడు. ఇంకెవరూ ఊపలేదు.

"నీ మాట తప్పంట లేను" అంది రాజవ్వ. "గని కరెంటు నడిరాత్రి అస్తది, తెల్లారగట్ల అస్తది. బోరు కాడికి కిలోమీటరు తొవ్వ. పోయినేడు మా యారాలు, మా మరిది పెండ్లాం, గట్లనే మోటరు పెట్ట పోయింది. గట్టు మీద పాము కరిసింది. మల్ల ఇంటికి రాలె. మా మరిది గూడ గప్పుడు దుబాయిలనే ఉండె. గా దినాల సంది ఇంటికొకటి గీ డబ్బ పెట్టిచ్చుకున్నం. మా ఇండ్లల్ల మొగోడంటే గిప్పుడు గిదే. తియ్యమంటే ఎట్ల తీద్దుం?"

నాకు సిగ్గేసింది. వాళ్ళ ఇళ్ళలో మగవాళ్ళెక్కడున్నారో ట్రాలీలో వేళ్ళు ముడిచి చెబితే విన్నదాన్నే, ఇక్కడికొచ్చి పుస్తకం అప్పజెప్పాను. చేతిలో ఫారాన్ని సంచిలో పెట్టేశాను. అప్పుడు సత్తయ్య రెండు చేతులు గుర్తుకొచ్చాయి. ఆయన సంగతి వాళ్ళకి చెప్పాను. డబ్బాలు ఉండొచ్చు, అన్నీ ఒకేసారి లేవకపోతే చాలు అన్నాను.

"ఎనిమిదో తొమ్మిదో అయితే ఆగుతది" అని లైన్‌మన్ ఒప్పుకున్నాడు. అయితే ఎవరు ముందు, ఎవరు ఆగాలి? దాని మీద పదిహేడు మోటార్లూ ఒకేసారి లేచినంత రభస అయింది.

ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించడానికి భుజం పట్టి, ఆ తర్వాత కొంచెం దూరంగా గొంతుక్కూర్చున్న ఒక పెద్దాయన లేచాడు. ఆయన గంగారాం, ఊరి నీరటి. మాకు లాకు సూపర్‌వైజరు ఉన్నట్టు అక్కడ చెరువుకి నీరటి ఉండేవాడు. తూము ఎత్తి, ఏ మడికి ఎంతసేపు పారాలో వంతు ప్రకారం పారించడం ఆయన పని. దానికి పంట నూర్చినప్పుడు ప్రతి రైతూ కల్లంలో కొంత వడ్లు కొలిచి ఇచ్చేవాళ్ళు. దాన్ని మేర అంటారు. సొంత భూమి లేని కుటుంబం, తరాలుగా అదే బతుకు. చెరువు ఎండి బోర్లు వచ్చాక తూమూ పోయింది, మేరా పోయింది. గంగారాం కూడా దుబాయి వెళ్ళి రెండేళ్ళు ఇటుకలు మోసి వచ్చాడు.

"గిదంత వంతు ముచ్చటనే గద" అన్నాడు. "చెర్వుకు వంతు పెట్టినోన్ని, కరెంటుకు పెట్టరాదా? విడత విడతకు మధ్యల, పొద్దుండంగ నేను బోర్లన్ని తిరుగుత. వంతున్నోళ్ల డబ్బ ఇప్పి పెడ్త, కడమోళ్లది బంద్ జేస్త. కరెంటు నడిరాత్రి రాని, తెల్లారగట్ల రాని, వంతున్నయే లేస్తయి. మీరు నిద్రవోండ్రి. దుబాయిల ఇరవై మందికి తానం జేసే గది ఒక్కటే. గాడ గూడ వంతు పెట్టింది నేనే. మలయాళపోళ్లు గూడ ఒప్పుకున్నరు."

ఇలాంటి దానికి మా క్లాసులో రెండు నెలల పాఠం ఉంది, చివర్లో ఒక కంప్యూటరు కూడా ఉంటుంది.

కానీ డబ్బాలకు తాళాలుంటాయి. ఎక్కువ పొలం ఉన్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "తాళాలన్ని తీస్కపోయి గంగారాం చేతుల పెట్టుడా? మన డబ్బల మీద ఆయన చెయ్యి..." అని ఆపేశాడు. ఆపేసిన మాట ఏమిటో అందరికీ తెలుసు. గంగారాం నేల చూశాడు. ఇలాంటి చోట మాటలు ఎలా ఆగిపోతాయో, అందులో మా ఊరికీ ఆ ఊరికీ తేడా ఏం లేదు.

రాజవ్వ కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది.

"ఆయన తూము ఎత్తితే పారిన నీళ్లతోటి పండిన బువ్వనే గద పటేలా మనం తిన్నది? గప్పుడు లేని అంటు డబ్బకు ఎక్కడికెల్లి అచ్చె? నాది ముందుగాల తీస్కో కాక."

ఆమె తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. ట్రాలీలో వచ్చిన మిగతా నలుగురూ పెట్టారు. చీకటి పడేలోపు పదహారు వచ్చాయి. పదిహేడోది మర్నాడు పొద్దున వచ్చింది. ఆ పెద్దమనిషి దాన్ని చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెళ్ళాడు. గంగారాం దాన్ని తీసి తాడుకు ఎక్కించుకున్నాడు.

గట్టు మీద ఒక పగలు

రాత్రి రాజవ్వ ఇంట్లో మక్క గటక, పచ్చిపులుసు. గటక మొక్కజొన్న రవ్వ జావ గట్టిపడ్డట్టు ఉంటుంది. మా ఇంట్లో అయితే జ్వరం వచ్చినవాళ్ళకి పెడతారేమో అనుకుని తిన్నాను. పచ్చిపులుసు పోసుకున్నాక నా అభిప్రాయం మార్చుకున్నాను.

మర్నాడు పొద్దున పదిహేడో తాళంచెవి కూడా అందాక లైన్‌మన్ ఫీజు పెట్టి వెళ్ళాడు. అప్పట్నుంచీ అందరం పొలాల్లోనే ఉన్నాం. కరెంటు రాలేదు. ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నాకూ నేర్పారు. నేను చుట్టింది రాజవ్వ అటూ ఇటూ తిప్పి చూసి, "గీ బీడీ తాగినోడు ఇగ జన్మల తాగడు, పుణ్యం నీకే" అంది.

మొదటి వంతులో రాజవ్వ డబ్బా లేదు. కొసన ఉన్న మడులకు ముందు, దగ్గరున్నవాటికి తర్వాత. అది చెరువు నాటి లెక్కే, గంగారాం దాన్ని మార్చలేదు. రాజవ్వ పొలం ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే. అందరికంటే ముందు తాళంచెవి ఇచ్చిన మనిషి, నెర్రెలిచ్చిన మడి ముందు కూర్చుని ఆగాలి. నాకు మనసొప్పక, ఒక్కసారికి అడగొచ్చుగా అక్కా అన్నాను.

"వంతంటే వంతే. ఇయ్యాల నేనడిగితే రేపు ఇంకోలు అడుగుతరు."

పదిన్నరకి కరెంటు వచ్చింది. దూరంగా ఎనిమిది మోటార్లు ఒక్కసారిగా లేచాయి. అందరి కళ్ళూ ట్రాన్స్‌ఫార్మర్ మీదే. అది మూలిగింది, తర్వాత మామూలుగా గునుస్తూ నిలబడింది. నేను బోరు బోరుకీ పరిగెత్తి తీగలకు పటకారు పెట్టాను. అన్నిచోట్లా అంకె మోటారు మీద రాసి ఉన్నదానికి దగ్గరగానే ఉంది. మునుపు పదిహేడూ కలిసి నడిచినప్పుడు గొట్టంలోంచి మూరెడు దూరమే పడే నీళ్ళు ఇప్పుడు రెండు మూరలు పడుతున్నాయని ఒకావిడ చెయ్యి చాపి చూపించింది. వోల్టేజి చచ్చిన కరెంటు రెండు విడతలూ వచ్చే కంటే, బతికున్న కరెంటు ఒక్క విడత రావడం మేలని నేను రాసుకున్నాను.

విడత ముగిశాక గంగారాం తాళాల గుత్తితో డబ్బాలన్నీ తిరిగి వచ్చాడు. రెండో విడత పొద్దు వాలుతుండగా వచ్చింది. రాజవ్వ మోటారు దానంతట అదే లేచింది. నీళ్ళు మడిలో పడగానే నెర్రెలు బుసబుసమంటూ తాగేశాయి. చాలాసేపటికి గానీ నేల మీద నిలవలేదు. రాజవ్వ కాలవలో దిగి దోసిలితో ముఖం కడుక్కుంది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు. నేను మాత్రం ఏడ్చాను.

తిరిగి వచ్చాక

ఫారంలో 'లోడు నియంత్రణ పరికరం' అనే గడి ఉంది. అందులో 'నీరటి' అని రాశాను. గైడు గారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "ఇది ఏ కంపెనీది?" అని అడిగారు. మొత్తం చెప్పాను. చెరిపెయ్యమనలేదు. దాని కింద సంతకం పెట్టారు.

వేసవి సెలవుల్లో ఒక రోజు రాజవ్వ ఫోను చేసింది. పంట ఎల్లిందట. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలలేదు. కల్లంలో వడ్లు ముందుగా గంగారాంకే కొలిచారు. అరుగు మీద తాళంచెవి పెట్టిన పెద్దమనిషి కూడా కొలిచాడట. మల్లేశం అక్కడ సంతకం పెట్టలేదు, వచ్చి వారమైంది. నేను సంతోషం పట్టలేక వేళాకోళమాడాను.

"అయితే ఆ డబ్బా తీసేశావా అక్కా? ఇంటి మగవాడు వచ్చేశాడుగా."

ఆమె గొంతు తగ్గించింది.

"తీద్దామనే పోయిన చెల్లె. పాన గూడ పట్టుకపోయిన."

"మరి?"

"తియ్యలె. ఆయన పాస్‌పోర్టు ఇంక దుబాయి పెట్టెలనే ఉన్నది. పొద్దుగాల్ల సూస్తే, తుడిసి మల్ల గాడనే పెడ్తున్నడు."